త్రోవప్రక్క వేల్పులు - తిరునాళ్ళ యంగళ్ళు

దేశచరిత్రకు శాసనములే ప్రధానాధారములని పండితుల మతము. నల్లగొండ, మహబూబునగరు సీమలయందు వానికి కొదువ లేదు. అలంపురమున బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములును, పానుగల్లున కందూరు చోడుల నాటి ఛాయాసోమేశ్వరాలయమును ఆయా రాజవంశముల కీర్తిని నేటికిని చాటుచున్నవి. కాని పొలిమేర వేపచెట్టు క్రింద నిలిచిన పోచమ్మకు శాసనము లేదు. చెరువుకట్టపైని మైసమ్మకు దానపత్రము లేదు. వీరి చరిత్రను దేనివలన గ్రహింపవలెను? వీరికి సమర్పింపబడు అల్పవస్తువులవలననే యని నా యభిప్రాయము.

ఈ వేల్పులలో పెక్కింటికి శిల్పి చెక్కిన రూపము లేదు. నిలిపిన రాయియే మూర్తి. దానికి పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, వెండికన్నులు అతికించినపుడు అది అమ్మవారగుచున్నది. ఆ పసుపును, కుంకుమను, కన్నులను ఇచ్చునది అంగడి. కావున శిలకు దైవత్వము నిచ్చుటలో కంసాలికిని చిల్లరవర్తకునికిని పాలు కలదు. ఆలయచరిత్రలు ఈ పాలును లెక్కింపలేదు.

శిల యెంత ప్రాచీనమైనను ఈ విధానము మారదు. కృష్ణాతీరమున, నేటి నారాయణపేట జిల్లాలోని ముడుమాలయందు బృహచ్ఛిలాయుగపు నిలువురాళ్ళు కలవు. ఇవి 2025లో యునెస్కోవారి తాత్కాలిక పట్టికలో చేరినవి. అందొకదానిని గ్రామస్థులు ఎల్లమ్మగా కొలుచుచున్నారు. నిలిపినవారి పేరు మాసిపోయినను, చిటికెడు పసుపు ఆ రాతిని నేటివారికి బంధువుగా చేసినది.

జాతరలయందు ఈ సంబంధము మరింత విశదమగును. సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకమారు లింగమంతులస్వామి జాతర జరుగును. యాదవులు ప్రధానముగా జరుపు నీ యుత్సవమున దేవరపెట్టె ఊరేగి గట్టు చేరును. గుట్టపై నెలకొన్న దైవము పెట్టెలో ప్రయాణము చేయుట యిందలి విశేషము. జాతరకు వచ్చినవాడు కొనిపోవు తాయెత్తును పటమును ఇట్టివే. స్థావరమైన వేల్పును అవి జంగమము గావించును.

కురుమూర్తి క్షేత్రమున క్రమము తారుమారైనది. అచట భక్తుడు స్వామినుండి వస్తువును గైకొనుటకంటె, స్వామికి వస్తువు నిచ్చుటయే ముఖ్యోత్సవము. కార్తీకమాసమున వడ్డేమానునుండి తోలుపనివారు కుట్టిన ఉద్దాలు, అనగా పాదరక్షలు, ఊరేగింపుగా రాగా జనులు వానిని తాకి మ్రొక్కుదురు. సంఘము ఏ చేతులను అంటరానివని దూరము చేసెనో, ఆ చేతుల పనియే దేవుని పాదములకు చేరుచున్నది. ఏ శిలాశాసనము చెప్పని సంఘచరిత్రను ఈ జత చెప్పులు చెప్పుచున్నవి.

మతభేదమును ఈ యంగళ్ళకు అడ్డుగోడ కాలేదు. పాలకీడు మండలములోని జానుపహాడు దర్గా యురుసునకు హిందువులును విరివిగా పోవుదురు. అచట మ్రొక్కి కనిన బిడ్డలకు సైదులు, సైదమ్మ యని పేరిడుదురు. తాయెత్తు త్రాడు తెగిపోయినను పేరు తరతరములు నిలుచును. పాఠశాల హాజరుపట్టికయే యిట విశ్వాసచరిత్రకు ఆధారము.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల కథలను విడిచి జనుల ఆటపాటలను, తిండితీరులను, నమ్మకములను చరిత్రవస్తువులుగా గ్రహించిరి. ఆయన జన్మించినది ఈ పాలమూరు సీమయందే. ఆ మార్గమున చేయవలసిన పని యింకను మిగిలియున్నది. బాటలు వెడల్పగునపుడు దారిరాళ్ళు తొలగింపబడును. తొలగించిన రాతిని మరియొకచోట నిలుపవచ్చును గాని, అది ఏ కట్టను కాచెనో, ఎవరి మ్రొక్కులందెనో తెలిపెడు జ్ఞాపకమును మరల నిలుపజాలము. కంసాలి చేసిన కన్నులకు మారుగా అచ్చుపోసిన మొగములు వచ్చుచున్నవి. కావున గ్రామోపాధ్యాయులు తమ యూరి వేల్పు పేరును, స్థలమును, పూజారి కులమును, సమర్పించు వస్తువులను, వానిని చేయువారిని వ్రాసి యుంచవలెను. ఇందులకు వలయునది ఒక పుస్తకమును, వృద్ధులతో కూర్చుండు నోపికయును మాత్రమే.