బూజునకు వచ్చిన పేరు, పోయిన పేరు

కతోలిక దేవాలయములలో గురువు భక్తులపై తీర్థజలమును చిలకరించుటకు వాడు సాధనమును లాటినున ఆస్పెర్జిల్లమ్ అందురు. రొట్టె మీదను, వానకాలమున తోలుచెప్పుల మీదను పట్టు బూజులలో నొక పెద్ద ప్రజాతికి గల ఆస్పర్జిల్లస్ అను పేరు ఆ పూజాసామగ్రినుండియే వచ్చినదని చదివిననాడు నాకు కలిగిన సంతోషమింతింత కాదు.

ఆ నామకరణము చేసినవాడు ఫ్లారెన్సు పౌరుడు పియెర్ ఆంటోనియో మికేలి (1679–1737). పేదయింట పుట్టి, లాటినును స్వయముగ నభ్యసించి, మెడీచి ప్రభువుల యాదరమున వృక్షశాస్త్రజ్ఞుడై, 1729లో ‘నోవా ప్లాంటారమ్ జెనెరా’ అను గ్రంథమును వెలువరించెను. సూక్ష్మదర్శినిలో నాతనికి నిటారుగ లేచిన సన్నని కాడయు, దాని కొనను ఉబ్బిన తలయు, ఆ తలనుండి నలుదెసలకు బారులు తీరిన బీజాణువుల గొలుసులును కానవచ్చెను. చిమ్మిన తీర్థపు చినుకులు జ్ఞప్తికి వచ్చుట సహజమే. ఆతడు పేరు పెట్టి యూరకుండలేదు. ఆ బీజాణువులను అప్పుడే కోసిన కర్బూజ ముక్కలపై చల్లి, ఏ బూజును విత్తిన ఆ బూజే మొలచుట కన్నులార చూచెను. కుళ్లినదానినుండి బూజు తనంత తానే పుట్టునని పండితులును నమ్ముచున్న దినములవి!

తరువాత వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఆస్పర్జిల్లసును మ్యూకరు అను ప్రజాతిలో కలిపివేసెను. 1809లో జర్మను పండితుడు లింక్ ఆస్పర్జిల్లసును పునరుద్ధరించుచునే, శాస్త్రజ్ఞులు ఎండబెట్టి దాచుకొన్న మొక్కలపైననే పెరిగి, పసుపుపచ్చని చిరుగుళికలను కాయు బూజును యూరోషియమ్ అను వేరొక ప్రజాతిగ నిలిపెను. 1854లో డి బారీ అను శాస్త్రజ్ఞుడు పరికించి చూడగా, కాడలును గుళికలును ఒకే తంతుజాలమునుండి పుట్టుచుండెను: సంయోగము లేక బీజాణువులను రాల్చు దశ యొకటి, సంయోగఫలమును కాయు దశ మరియొకటి. అయినను ఒకే జీవికి రెండు పేర్లు దీర్ఘకాలము శాసనసమ్మతములై నడచినవి. 1965లో రేపర్, ఫెన్నెల్ అను శాస్త్రజ్ఞులు తలల రంగును, ఆకృతిని పరిశీలించి 132 జాతులను 18 సమూహములుగ విభజించిరి. నేడా తీర్పును డి.ఎన్.ఎ. వరుసలు చెప్పుచున్నవి.

2011లో మెల్బోర్న్ నగరమున జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ ఒక శిలీంధ్రమునకు ఒకే నామమని శాసించినపిమ్మట, యూరోషియమ్ జాతులు ఆస్పర్జిల్లసులో లీనమైనవి. పట్టికలు చక్కబడినమాట వాస్తవమే. కాని యూరోషియమ్ అన్నంతనే ఆ పసుపుపచ్చని గుళికలు స్ఫురించెడివి. నేటి పేరు ఆ సంగతి చెప్పదు. జాతివర్ణనలన్నిటను పాతపేరును కూడ ముద్రించుట కనీసధర్మమని నా యభిప్రాయము; కాదేని డి బారీ కనుగొన్నదానిని విద్యార్థులు మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చును.