క్షణాన్ని గుర్తించేదెవరు? మైక్రోకంట్రోలర్లలో టైమర్లు, సెన్సర్ సంకేతాలు

సెన్సర్ నుంచి సంకేతం వచ్చిందని తెలుసుకోవడం ఒక పని, అది సరిగ్గా ఏ క్షణాన వచ్చిందో తెలుసుకోవడం మరొక పని. మైక్రోకంట్రోలర్ల చరిత్రను సాధారణంగా వేగమూ మెమరీ పెరిగిన క్రమంగానే చెబుతుంటారు గాని, ఈ రెండో పని ప్రోగ్రామ్ చేతిలోంచి సర్క్యూట్ల చేతిలోకి ఎలా మారిందో గమనిస్తే తప్ప వాటి నిర్మాణంలోని చాలా విశేషాలకు కారణం బోధపడదు.

తొలి కంప్యూటర్లలో బయటి పరికరం స్థితిని ప్రోగ్రామే పదేపదే పరీక్షించుకోవలసి వచ్చేది. పోలింగ్ అనే ఈ పద్ధతిలో ప్రాసెసర్ కాలమంతా ఎదురుచూపులకే ఖర్చయ్యేది. 1950లలో దీనికి విరుగుడుగా ఇంటరప్ట్ వచ్చింది. బయటి సంకేతం అందగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని అక్కడికక్కడే ఆపి, ఆ సంకేతానికి కేటాయించిన చిన్న ప్రోగ్రామ్‌ను నడిపి, మళ్లీ పాత పనికి తిరిగి రావడమే ఇంటరప్ట్. నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రోలాజికా ఎక్స్1 యంత్రానికి ఈ సౌకర్యం కల్పించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఏ చోట ఆగుతుందో ముందుగా తెలియని ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లితే అది మళ్లీ అదే రూపంలో కనిపించదని ప్రోగ్రామర్ ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా మొదట వెనుకాడాడు. ఆ తరువాత అదే అంశం 1959లో ఆయన సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి ఆధారమైంది. ఆయన భయం నిరాధారమైనది కాదని ఇంటరప్ట్‌లతో పనిచేసిన ప్రతి తరమూ తెలుసుకుంటూనే ఉంది.

సెన్సర్లు, టైమర్లు, ఇంటరప్ట్‌లు మూడూ ఒకే చిన్న యంత్రంలో కలిసి పనిచేసిన గొప్ప ఉదాహరణ అపోలో గైడెన్స్ కంప్యూటర్. అందులో 10 మిల్లీసెకన్లకొకసారి పెరిగే ఒక కౌంటర్ నిండగానే ఇంటరప్ట్ పుట్టి, ఆ క్షణానికి నిర్ణయించి ఉంచిన పనిని మొదలుపెట్టేది. రాడార్ వంటి పరికరాలు పంపే పల్స్‌లు కూడా కౌంటర్లలోనే చేరేవి గాని, ఒక్కో పల్స్‌ను లెక్కించడానికి ప్రాసెసర్ నుంచి 11.7 మైక్రోసెకన్ల మెమరీ కాలాన్ని లాక్కోవలసి వచ్చేది. 1969 జూలై 20న చంద్రుడిపై దిగే సమయంలో, ఆ ఘట్టంలో అవసరమే లేని రాడార్ నుంచి సెకనుకు 12,800 వరకు అర్థరహితమైన పల్స్‌లు వచ్చి పడ్డాయి. లెక్క కడితే ప్రాసెసర్ కాలంలో దాదాపు 15 శాతం వాటికే హరించుకుపోయింది. పనిభారం మించిపోయిందని తెలిపే 1202 హెచ్చరిక మోగినా, తక్కువ ప్రాధాన్యమున్న పనులను విడిచిపెట్టేలా సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి ఉండటం వల్ల అవతరణ ఆగలేదు.

మెమరీ, ప్రాసెసర్, పిన్‌లు ఒకే చిప్‌లో ఇమిడిన మైక్రోకంట్రోలర్లు 1970లలో వచ్చాయి. 1974 నాటి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఎంఎస్1000లో ఇంటరప్ట్ లేదు. కాలిక్యులేటర్ మీటలను చదవడానికి దాని అవసరమూ లేదు. 1976లో ఇంటెల్ తెచ్చిన 8048లో 8 బిట్ల టైమర్ చేరింది. దానినే బయటి పిన్‌కు కలిపితే ఆ పిన్ మీద వచ్చే సంకేతాలను లెక్కించే కౌంటర్‌గానూ పనిచేసేది. 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఆ టైమర్ 80 మైక్రోసెకన్లకొక మెట్టు ముందుకు కదులుతుంది. మీటలకు అది చాలు, కారు ఇంజన్‌కు చాలదు. నిమిషానికి 6,000 సార్లు తిరిగే క్రాంక్‌షాఫ్ట్ 28 మైక్రోసెకన్లలోపే ఒక డిగ్రీ తిరుగుతుంది గనుక, ఆ టైమర్ ఒక్క మెట్టు కదిలేలోగా ఇంజన్ దాదాపు మూడు డిగ్రీలు దాటిపోతుంది.

1980లో వచ్చిన 8051 ఈ లోటును కొంత తీర్చింది. ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎందరో విద్యార్థులకు టైమర్ రిజిస్టర్‌లో అంకె నింపడం నేర్పిన చిప్ ఇదే. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో దీనిలోని రెండు 16 బిట్ల టైమర్లు మైక్రోసెకనుకొక మెట్టు కదులుతాయి. గేట్ అనే బిట్‌ను అమర్చితే ఇంటరప్ట్ పిన్ హై స్థితిలో ఉన్నంతసేపే టైమర్ నడుస్తుంది కాబట్టి, ప్రోగ్రామ్ ఆలస్యంగా స్పందించినా పల్స్ నిడివి చెక్కుచెదరదు. అయితే సంకేతం వచ్చిన క్షణాన్నే గుర్తించి దాచుకోవడం 1982 నాటి ఇంటెల్ 8096లోను, 1980ల మధ్యలో వచ్చిన మోటరోలా 68హెచ్‌సీ11లోను స్థిరపడింది. ఆగకుండా తిరిగే టైమర్ విలువను, పిన్ మీద సంకేతం మారిన క్షణంలో సర్క్యూటే నకలు తీసి వేరే రిజిస్టర్‌లో ఉంచుతుంది. దీన్ని ఇన్‌పుట్ క్యాప్చర్ అంటారు. ఇంటరప్ట్ కన్నా ఇదే నిజమైన మలుపు అనడం అతిశయోక్తి కాదు. ఎందుకంటే ఇంటరప్ట్ ప్రాసెసర్‌ను త్వరగా పిలుస్తుందే తప్ప, పిలుపు అందేలోగా గడిచిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు.

మామూలు మీట విషయంలో మాత్రం ఈ సూక్ష్మతే శాపమవుతుంది. లోహపు కొనలు తాకగానే కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతాయి గనుక, ఒక్క నొక్కుకు పది ఇంటరప్ట్‌లు రావచ్చు. అందువల్ల అనుభవజ్ఞులు మీటను ఇంటరప్ట్‌కు కలపకుండా, టైమర్ సాయంతో 5 లేదా 10 మిల్లీసెకన్లకొకసారి చదివి, వరుసగా కొన్నిసార్లు ఒకే విలువ వస్తేనే నమ్ముతారు.

2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డ్యూయినో మైక్రోకంట్రోలర్ బోర్డు ఈ పరిజ్ఞానాన్ని సామాన్యుల దగ్గరకు తెస్తూనే, దాని సగాన్ని మరుగున పెట్టింది. అందులో ప్రారంభకులు సాధారణంగా పల్స్‌ఇన్ అనే ఆదేశంతో ధ్వని ప్రతిధ్వనిని కొలుస్తారు. నాలుగు మీటర్ల దూరంలోని వస్తువు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టే దాదాపు 23 మిల్లీసెకన్లూ ప్రాసెసర్ ఆ పిన్‌నే చూస్తూ కూర్చుంటుంది. అలాంటి బోర్డుల్లో తరచూ కనిపించే ఏటీమెగా328పీ చిప్‌లో, 62.5 నానోసెకన్ల సూక్ష్మతతో క్షణాన్ని పట్టగల ఇన్‌పుట్ క్యాప్చర్ నిరుపయోగంగా పడి ఉంటుంది. కాలాన్ని మిల్లీసెకన్లలో చెప్పే మిల్లీస్ లెక్క 32 బిట్లదే కావడంతో 49.7 రోజులకు సున్నాకు తిరిగివస్తుంది. రెండు క్షణాలను పోల్చకుండా, ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసివేసి వ్యవధిని లెక్కించే ప్రోగ్రామ్‌కు మాత్రం ఆ మలుపు వల్ల ఏ హానీ ఉండదు.

2021లో రాస్ప్‌బెర్రీ పై సంస్థ విడుదల చేసిన ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్‌లో ఈ కథ వింతగా వెనక్కి తిరిగింది. పిన్‌లను కనిపెట్టి ఉండే పనిని స్థిరమైన టైమర్ సర్క్యూట్‌కు అప్పగించకుండా, అందులో ఎనిమిది చిన్న స్టేట్ మెషీన్లకు ఇచ్చారు. నాలుగింటికి ఉమ్మడిగా 32 ఆదేశాల మెమరీ మాత్రమే ఉన్న ఈ యంత్రాలు, సంకేతం మారేదాకా వేచి ఉండమనే ఆదేశాన్ని అక్షరాలా పాటిస్తూ పిన్ దగ్గరే నిలబడతాయి. 1950లలో వృథా అని తోసేసిన ఎదురుచూపే ఇది. కాకపోతే ప్రధాన ప్రాసెసర్ కాలం ఇప్పుడు దానికి ఖర్చు కావడం లేదు.