ఉత్రాణ్ నుంచి భేస్తాన్ దాకా

సుప్రీంకోర్టు రికార్డుల్లో ఒక కేసు పేరు 'ఉత్రాణ్ సే భేస్తాన్ రైల్వే ఝోపడ్‌పట్టీ వికాస్ మండల్'. ఉత్రాణ్, భేస్తాన్ రెండూ సూరత్ రైల్వే స్టేషన్లే. మొదటిది తాపీ నదికి ఉత్తరాన ఉంటే, రెండోది నగరానికి దక్షిణపు కొసన ఉంది. ఆ రెంటి మధ్య పట్టాల వెంట గుడిసెలు వేసుకున్నవారు కట్టుకున్న సంఘం అది. నగరంలో పేదవాడి ఇంటికి అడ్డుపడేది ఏమిటో తెలుసుకోవడానికి ఈ కేసు చరిత్ర చాలావరకు సరిపోతుంది.

బాంబే-బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే 1860లో ప్రారంభించిన తొలి మార్గం అంకలేశ్వర్ నుంచి ఉత్రాణ్ వరకే. ఆ తర్వాత పట్టాలు నది దాటాయి. వందేళ్లు గడిచేసరికి వాటి పక్కనే మరమగ్గాలు, రంగుల అద్దకపు మిల్లులు వెలిశాయి. ఉధ్నా, లింబాయత్, పాండేసరా అలా పెరిగినవే. ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి కూలీలు వచ్చారు. తెలంగాణ మగ్గాల ఊళ్ల నుంచి పద్మశాలీలు వచ్చారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపేటంతగా ఆ వలస సాగింది. 2001లో 24 లక్షలున్న నగర జనాభా 2011కు 44 లక్షలు దాటింది. 2006లో సరిహద్దులు విస్తరించడం ఇందుకు కొంత కారణం, అంతా కాదు. పన్నెండు గంటల షిఫ్టు ముగించుకున్నవాడికి మగ్గానికి నడిచివెళ్లే దూరంలో పడక కావాలి. ఒకడు లేచిన పడకలో మరొకడు పడుకునే గదులు సూరత్‌లో నేటికీ ఉన్నాయి. అదీ దొరకని కుటుంబాలు రైలు పట్టాల పక్కకు చేరాయి.

ఇది చేతగాని నగరం కాదు. 1994 ప్లేగు తర్వాత, 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 2006 ఆగస్టు వరదల్లో మునిగి తేలింది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద కోసాడ్‌లో, భేస్తాన్‌లో పేదలకు అంతస్తుల ఇళ్లు కట్టింది. వీటికి భూమి దొరికిన తీరులో పాఠం ఉంది. 1976 నాటి గుజరాత్ పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం, పొలాలను సమీకరించి లేఅవుట్‌గా మార్చేటప్పుడు దాదాపు 10 శాతం భూమిని వెనుకబడిన వర్గాల గృహాలకు కేటాయించవచ్చు. పేదల కోసం విడిగా భూసేకరణ అక్కర్లేదు; నగరం విస్తరించే క్రమంలోనే వారి వాటా పక్కన పడుతుంది. అమరావతి కోసం 2014లో చేసిన సీఆర్‌డీఏ చట్టంలో ఆ వాటా 5 శాతం. దాని చుట్టూ ఎంత రాజకీయం నడిచిందో తెలుగువారికి చెప్పనక్కర్లేదు: 2023 మేలో 50 వేల మందికి పైగా మహిళలకు పట్టాలిచ్చారు, ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలు ఆపింది.

సూరత్‌లో భూమి ఉంది, చట్టం ఉంది, కట్టిన ఇళ్లూ ఉన్నాయి. అయినా పట్టాల పక్క గుడిసెలు మిగిలాయి. ఆ స్థలం నగరపాలక సంస్థది కాదు, రైల్వేది. నిర్వాసితులకు పునరావాసం కల్పించే విధానమేదీ రైల్వేకు లేదు. ఓటరు కార్డు ఇచ్చిన ప్రభుత్వానికీ ఇంటి స్థలానికీ సంబంధం లేకపోవడం మన సమాఖ్య వ్యవస్థలోని వింతల్లో ఒకటి.

మూడో లైను పనుల కోసం ఖాళీ చేయించబోతే, 2014 జులైలో గుజరాత్ హైకోర్టు యథాతథ స్థితి విధించింది. ఏడేళ్ల తర్వాత, 2021 ఆగస్టులో దాన్ని ఎత్తివేసింది. పదివేల గుడిసెలు పోతాయంటూ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది డిసెంబరు 16న జస్టిస్ ఖాన్విల్కర్ ధర్మాసనం ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే కావలసిన స్థలానికి రెండు వారాలు, మిగతా స్థలానికి ఆరు వారాల నోటీసు. కూల్చిన ప్రతి గుడిసెకూ నెలకు 2,000 రూపాయల చొప్పున ఆరు నెలలు. ఆ భారాన్ని రైల్వే, రాష్ట్రం, నగరపాలక సంస్థ సమానంగా పంచుకోవాలి. ఆక్రమణలను చూస్తూ ఊరుకున్న అధికారులపైనా చర్యలుండాలని చెప్పింది. అర్హులు ప్రధానమంత్రి ఆవాస్ యోజనకు దరఖాస్తు చేసుకోవచ్చునంది.

లెక్క వేస్తే ఒక్కో గుడిసెకు 12,000 రూపాయలు. జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ఇదే కోర్టు చెప్పిన 36 ఏళ్లకు కట్టిన వెల అది. అయితే ఏ విధానమూ లేని చోట ముగ్గురి చేత కొంతైనా ఇప్పించడం చిన్న విషయం కాదు.

అసలు చిక్కు 'అర్హులు' అన్న మాటలో ఉంది. ఆ పథకం కింద ఇల్లు రావాలంటే దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. గంజాంలోనో సిరిసిల్లలోనో తండ్రి వాటాగా రెండు గదులు తన పేరిట వచ్చిన నేత కార్మికుడికి సూరత్‌లో ఇల్లు రాదు. ఆ గదుల్లో ఉండి అతడు ఇక్కడి మగ్గం నడపలేడు. పథకం ఇల్లు అమ్ముతుంది, అతడికి కావలసింది అద్దెకు. దానికి తోడు మత ఘర్షణల పేరుతో 1991లో తెచ్చిన కల్లోలిత ప్రాంతాల చట్టం సూరత్‌లోని కొన్ని పేటల్లోనూ అమలవుతోంది. అక్కడ ఇల్లు చేతులు మారాలంటే కలెక్టర్ అనుమతి కావాలి.

అద్దె ఇళ్ల సంగతి ఢిల్లీకి 2020 లాక్‌డౌన్‌లో గుర్తొచ్చింది. ఆ జులైలో, పాత పథకాల్లో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్లను వలస కార్మికులకు అద్దెకిస్తామని కేంద్రం ప్రకటించింది. వాటిలో మార్పిడి జరిగినవి 5,648. సూరత్ వాటా 393.