మెజారిటీ ఎంత?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎన్నికల ఫలితం రాగానే మావాళ్లు అడిగే మాట "మెజారిటీ ఎంత?" అని. తెలుగులో ఈ మాటకి గెలుపు తేడా అనీ, ఎక్కువమంది అనీ రెండర్థాలు. ఓడిన ఓట్ల సంగతి రెండిట్లోనూ లేదు. ఆ సంగతి ఆలోచించడానికి నంద్యాల లోక్‌సభ స్థానం చరిత్రే చాలు.

1977 మార్చి. ఎమర్జెన్సీ మీద కోపంతో ఉత్తరాది కాంగ్రెస్‌ని ఊడ్చిపారేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటీ నంద్యాల. గెలిచింది జనతా తరఫున నీలం సంజీవరెడ్డి. రాష్ట్రంలో ఆ పక్షానికి ముప్పై శాతం పైగా ఓట్లు పడినా, చేతికొచ్చింది ఒక్క సీటే. ఇందులో మోసమేమీ లేదు, మన ఎన్నికల పద్ధతే అంత. అయితే ఢిల్లీలో మెజారిటీ జనతాది. అందుకే ఇక్కడి ఒంటరి సభ్యుడు అక్కడ స్పీకరయ్యారు, జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతీ అయ్యారు.

1991 నవంబర్ ఉపఎన్నికలో కథ తిరగబడింది. ప్రధాని పీవీ నరసింహారావు మీద తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పీవీ మెజారిటీ 5 లక్షల 80 వేలు! ఢిల్లీలో మాత్రం ఆయనది మైనారిటీ ప్రభుత్వం.

ఈ రెండు కథల్లోనూ మైనారిటీ అంటే ఓడిన పక్షం. ఇవాళ ఓడినవాళ్లు రేపు గెలవచ్చు, ఇక్కడ ఓడినవాళ్లు అక్కడ గెలవచ్చు. మతం విషయంలో ఆ వీలు లేదు. నంద్యాల ముస్లిములు ఎన్ని ఎన్నికలు గడిచినా దేశంలో మెజారిటీ కాలేరు. వాళ్ల హక్కుకి ఓట్ల లెక్క కాదు, చట్టమే దిక్కు.

ఆ చట్టం కూడా పీవీ ప్రభుత్వమే తెచ్చింది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనాస్థలం ఎవరిదో, ఇకముందూ వాళ్లదేనని 1991 సెప్టెంబర్‌లో పార్లమెంటు చేసిన చట్టం చెప్పింది. అయోధ్యని మినహాయించింది. అక్కడ యథాస్థితి కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి మాటిచ్చింది. అయినా 1992 డిసెంబర్ 6న మసీదు కూలింది. ఆ రోజు ప్రధాని మా నంద్యాల ఎంపీయే.

ఆ 5 లక్షల 80 వేలలో ఇక్కడి ముస్లిముల ఓట్లూ ఉండే ఉంటాయి. అంత మెజారిటీ కూడా వాళ్లకి అక్కరకి రాలేదు. అందుకే నాకిప్పుడు "మెజారిటీ ఎంత?" అన్న ప్రశ్న సగమే అనిపిస్తుంది. ఎప్పటికీ మెజారిటీ కాలేనివాళ్లకి ఇచ్చిన మాట నిలిచిందా అన్నది మిగతా సగం.