ఫోస్టర్ కేర్‌లో సామాజిక కార్యకర్త

కన్నవారి దగ్గర ఉండలేని బిడ్డను, కొంతకాలం మరో కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటు ఫోస్టర్ కేర్. ఇది దత్తత కాదు. బిడ్డకు వారసత్వ హక్కు రాదు, కన్నవారితో బంధం తెగదు. భారతదేశంలో దీనికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఆధారం. బిడ్డను ఏ ఇంటికి పంపాలో ఉత్తర్వు ఇచ్చేది బాలల సంక్షేమ సమితి. ఆ ఇంటి గడప తొక్కి చూసేది మాత్రం జిల్లా బాలల పరిరక్షణ విభాగపు సామాజిక కార్యకర్త.

ఇలా ఇంటిని పరిశీలించే గృహ అధ్యయనం ఈ పనికి గుండెకాయ. ఆదాయం, ఆరోగ్యం, గదులు లెక్కచూడటం తేలిక. ఆ ఇంట్లోని సొంత పిల్లలు కొత్త బిడ్డను ఎలా చూస్తారో, ఇంటి పనికి మనిషి దొరుకుతుందన్న ఆశ ఎవరిలోనైనా ఉందేమో పసిగట్టడమే కష్టం. అందుకు ఒక్కసారి వెళ్తే చాలదు. ఇంట్లో అందరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడాలి. బిడ్డ ఇష్టాన్నీ అడగాలి. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయకూడదని చట్టమే చెబుతోంది.

బిడ్డ చేరాక నెలనెలా తనిఖీ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి. 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం, దత్తతకు అర్హత ఉన్న బిడ్డను రెండేళ్లు పెంచిన కుటుంబం దత్తత కోరవచ్చు. అంతకుముందు ఈ గడువు ఐదేళ్లు.

కన్నవారిని మరిచిపోకపోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. సమితి వద్దనకపోతే వారు బిడ్డను చూడవచ్చు. వారి ఇల్లు కుదుటపడితే బిడ్డ తిరిగి వెళ్లే దారిని కార్యకర్తే సిద్ధం చేయాలి.