పలక కారు, కోయంబత్తూరు పట్టరై, మన మహల్ హాలు

మన పిల్లలు కొందరు ఆదివారం సాయంత్రం మహల్ కింది హాల్లో కార్పెట్ పరిచి రిమోట్ కార్ల పోటీ పెట్టుకుంటామని అడిగినారు. "బొమ్మలాటకి హాలా?" అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు రాసినారు. సరే, కమిటీ కూర్చునేలోపల ఈ బండి ఎక్కడ పుట్టింది, ఎట్లా నడుస్తుంది, మన తెలుగువాళ్ళకి ఇందులో ఏం పాలుంది అని మాకు తెలిసిన మట్టుకు రాస్తున్నాము. మాది ఇంటి తెలుగు, బడి చదువంతా తమిళం. మాట అటూ ఇటూ ఉంటే మీరే సర్దుకోండి.

పిల్లలు అడిగేది పాన్ కార్. పేరుకి తగినట్టే ఒక చదును పలక. ఇప్పుడు కార్బన్ ఫైబర్ పలక, ముందు రోజుల్లో ఫైబర్ గ్లాసు. నిజం కారులో పన్నెండో వంతు కొలత, వెడల్పు 17 సెంటీమీటర్లు, బరువు ముప్పాతిక కిలో దగ్గర. ముందు చక్రాలకి చిన్న స్ప్రింగులు ఉంటాయి. వెనక మోటారు, ఇరుసు కలిసి ఒక పెట్టెలాగా ఉండి, పలకకి కీలు వేసినట్టు కదులుతుంది. టైరు రబ్బరు కాదు, స్పాంజి. అంతే బండి. ఇంత తక్కువ సామాను కాబట్టి చేసిన ప్రతి చిన్న మార్పూ వెంటనే తెలిసిపోతుంది.

ఇది 1970ల చివర అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పైకి వచ్చింది. అసోసియేటెడ్ అనే కంపెనీ ఆర్‌సీ12ఈ అనే బండి తెచ్చింది. 1982లో ఆ కాలిఫోర్నియాలోనే ఈ కొలత కార్లకి మొదటి ప్రపంచ పోటీ జరిగింది. తరువాత జపాన్ వాళ్ళు వచ్చినారు. మసామీ హిరోసాకా అనే ఆయన రకరకాల రిమోట్ కార్లలో కలిపి 14 ప్రపంచ పట్టాలు గెలిచినాడు. రేసు 8 నిమిషాలు. ఆనాటి నికెల్ కాడ్మియం బ్యాటరీలో అంత సేపటికి చాలే కరెంటు ఉండేది కాదు; మొదట్లో తరిమినవాడు ఏడో నిమిషంలో ఆగిపోయేవాడు. మిగులు చూసుకుని నడిపినవాడే గెలుపు. ఇప్పుడు ఒకే ఒక లిథియం సెల్, 3.7 వోల్టులు, ఆ దిగులు పోయింది.

బండిని సర్దడం గురించి చెప్పకపోతే ఇది బొమ్మ కాదని ఎట్లా నమ్ముతారు? ముందు మెలిక చూడాలి. అద్దం పలక మీద బండి పెట్టి, ముందు భాగం సరిగ్గా నడిమిలో కత్తి మొనతో మెల్లగా లేపితే రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేచి ఒకటి వెనకబడితే బండిలో మెలిక ఉన్నట్టు. అట్లా ఉంటే కుడి మలుపులో ఒక రకంగా, ఎడమ మలుపులో ఇంకో రకంగా తిరుగుతుంది. వెనక పెట్టెకి రెండు పక్కలా ఉన్న స్ప్రింగు మరలు కొంచెం కొంచెం తిప్పి సరిచేస్తారు. పాత బండ్లలో అయితే టీ అక్షరం ఆకారంలో ఒక ఫైబర్ పట్టీ. దాని రెండు మరలే దిక్కు.

రైల్వేలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త మాట కాదు. వ్యాగన్లో బరువు ఒక పక్కకి ఒరిగితే మలుపులో ఏమవుతుందో మాకు తెలుసు. మన రాజపాళయం లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పుడు పట్టాల నడుమ 1000 మిల్లీమీటర్లు, ఇప్పుడు బ్రాడ్ గేజ్‌లో 1676. వెడల్పు పెరిగితే బండి ఒరగడం తగ్గుతుంది. ఈ చిన్న కారులో కూడా వెనక చక్రాల నడుమ వాషర్ వేసి వెడల్పు మారుస్తారు.

రెండోది టైరు అరుగుదల. ఇక్కడ మా గుమాస్తా బుద్ధి పనికొచ్చింది. మోటారు ఒక చుట్టు తిరిగితే కారు ఎంత దూరం పోతుంది అన్నదే లెక్క. టైరు అడ్డుకొలత 42 మిల్లీమీటర్లు, ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం 80 పళ్ళు, మోటారు మీద చిన్నది 32 పళ్ళు అనుకోండి. 80ని 32తో భాగిస్తే రెండున్నర. టైరు చుట్టుకొలత 132. రెండున్నరతో భాగిస్తే 52.8 మిల్లీమీటర్లు. స్పాంజి అరిగి 41కి వస్తే 51.5. నూరు మీటర్లకి మోటారు 1895 చుట్లు తిరిగేది ఇప్పుడు 1941 తిరగాలి. కారు నిదానం అయిపోయింది, మోటారులో లోపం లేదు. 33 పళ్ళది వేస్తే మళ్ళీ 53 దాటుతుంది. ఇంజను చక్రం అరిగితే షెడ్డులో లేతు మీద కోసి, కొలత పుస్తకంలో రాస్తారే, అదే పని. పిల్లలు కూడా స్పాంజి టైరుని చిన్న లేతు మీద కోసి నోటు పుస్తకంలో రాస్తున్నారు. ఆ పుస్తకం మేము చూసినాము. పదో తరగతి లెక్కల నోటు కంటే శుభ్రంగా ఉంది.

ఇక మన వాళ్ళ మాట. మనం రాజులం, కోయంబత్తూరులో నాయుళ్ళు. ఇంటి మాట మాత్రం ఇద్దరికీ తెలుగే. జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి–పళని నడుమ ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టినారు. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడు గారూ కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసినారు. మన ఊళ్ళో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్లు పెట్టింది 1936లో. మిల్లు ఉన్న చోట పట్టరై వస్తుంది, పట్టరై ఉన్న చోట లేతు, ఫైలు, కొలత పట్టిన చేతులు వస్తాయి. అక్కడ ఆ చేతులు మోటారు పంపులకీ, మోటారు పందాలకీ పోయినాయి.

ఆ పందాల్లో పెద్ద పేరు ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్లు కుటుంబం, 1954లో పుట్టినారు. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల దారి మీద రేసులు నడిచేవి. డబ్బున్నవాళ్ళు బయటి దేశాల నుంచి కారు తెప్పించుకునేవాళ్ళు. దాని పక్కన మామూలు మెకానిక్ తయారు చేసిన బండి నిలవలేదు. కరివర్ధన్ గారూ డబ్బున్న ఇంటివారే. కానీ ఆయన చేసింది వేరు. 1988లో ఫార్ములా మారుతి అని ఒకటి తెచ్చినారు. మారుతి 800 ఇంజను, 796 సీసీ, మూడు సిలిండర్లు. దాన్ని ఇనుప గొట్టాల చట్రంలో వెనక పెట్టి ఒకే సీటు రేసు కారు. అందరికీ ఒకే ఇంజను, ఒకే రకం చట్రం. ఇక తేడా ఎక్కడ వస్తుంది? టైరులో గాలి, చక్రం వాలు, స్ప్రింగు, నడిపేవాడి చెయ్యి. అంటే బండి సర్దడం తెలిసినవాడికి మొదటిసారి వరస దొరికింది.

కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు నడిపింది ఆ ఫార్ములా మారుతిలోనే, శ్రీపెరుంబుదూరులో. మొదటిసారే మొదటి ముగ్గురిలో నిలిచినాడు. 2005లో జోర్డాన్ జట్టులో ఫార్ములా వన్ ఎక్కిన మొదటి భారతీయుడు అతనే. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానం వచ్చింది. మిషెలిన్ టైర్ల జట్లు తప్పుకుని ఆరు కార్లే పరుగెత్తిన రేసు అది, ఆ సంగతి కూడా చెప్పాలి. మన సంఘాల సభల్లో నారాయణ్ పేరు చెప్పి చప్పట్లు కొడతారు, కరివర్ధన్ పేరు చెప్పినవాళ్ళని మేము చూడలేదు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయినారు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన రేసు దారికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టినారు. పందెం కారు ఎక్కినవాడికన్నా, పదిమంది ఎక్కగలిగే ధరలో కారు చేసినవాడిదే పెద్ద పని అని మా అభిప్రాయం. కాదనేవాళ్ళు కింద రాయండి.

పాన్ కార్ కూడా ఆ దారిలోదే. అందరూ ఒకే రకం మోటారు, ఒకే సెల్ అని నిబంధన పెట్టుకుంటే మిల్లు ఓనరు కొడుకూ, పవర్‌లూమ్ కూలీ కొడుకూ ఒకే గీత మీద నిలుస్తారు. నిబంధన లేకపోతే ఖరీదు మోటారు తెచ్చినవాడే గెలుస్తాడు, రెండు నెలల్లో మిగిలినవాళ్ళు మానేస్తారు. కాబట్టి హాలు ఇచ్చేట్టయితే కమిటీ ఈ ఒక్కటి రాతలో పెట్టించాలి. పెళ్ళి ముహూర్తాలు లేని ఆదివారాలు మాత్రమే, కార్పెట్ వాళ్ళే చుట్టి తీసిపెట్టాలి, లిథియం సెల్ చార్జి పెట్టేటప్పుడు ఒక పెద్దమనిషి పక్కన ఉండాలి. అది ఉబ్బితే మంట పట్టుకుంటుంది. ఆ పెద్దమనిషిగా కూర్చోవడానికి మేము తయారు. ఇసుక బకెట్ కూడా మా ఇంటి నుంచే తెస్తాము.