రాజకీయ ఖైదీల బాధలు – విదేశముల స్పందన

1930లో బందరు కోనేరు సెంటరునందు జాతీయపతాకము నెగురవేయబూనిన తోట నరసయ్యనాయుడు లాఠీదెబ్బలకు స్పృహదప్పి పడిపోయెను. ఆ ఉద్యమమున కృష్ణామండల సత్యాగ్రహులనేకులు చెఱసాలల కేగిరి. అట్టివారి బాధలు విదేశముల కెట్లు చేరెను? చేరి యేమి సాధించెను? ఇదియే యిచట విచార్యము.

రాజకీయ ఖైదీలను మర్యాదగ జూడవలెనని కోరుచు జతీంద్రనాథదాసు 63 దినములు నిరశనము సల్పి, 1929 సెప్టెంబరు 13న లాహోరు చెఱయందు మరణించెను. 1920లో లండను చెఱయందట్లే అసువులు బాసిన ఐర్లండు దేశభక్తుడు టెరెన్సు మాక్‌స్వీనీ కుటుంబమువారు సంతాపసందేశము పంపిరి. 1930లో ప్రభుత్వము ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగ విభజించెను. విద్య, హోదా, జీవనసరళి ఆ విభజనకు ముఖ్యాధారములగుటచే సామాన్య సత్యాగ్రహులలో పెక్కురు సీ తరగతియందే యుండిరి.

1932లో ఇండియా లీగు పక్షమున ఎలెన్ విల్కిన్సన్, మోనికా వాట్లీ, లియొనార్డ్ మాటర్సు, వి. కె. కృష్ణమేనోను దేశమున పర్యటించి నిర్బంధపరిస్థితులపై నివేదిక వెలువరించిరి. దానికి బెర్ట్రాండ్ రస్సెల్ పీఠిక వ్రాసెను.

ఈ స్పందనలు చెఱసాలల తలుపులు తెఱవలేదు. కాని ప్రభుత్వవాక్యమే యేకైక సాక్ష్యము గాకుండ జేసినవి. బందరు వైద్యుడు, స్వయముగ చెఱ ననుభవించిన భోగరాజు పట్టాభిసీతారామయ్య 1935లో కాంగ్రెసు చరిత్రమును వ్రాయుటయు నట్టి పనియే. అయినను పేరున్నవాని బాధ సముద్రము దాటినంత సులభముగ సీ తరగతి ఖైదీ బాధ దాటలేదు. గుడివాడ, దివిసీమ గ్రామములలో అట్టివారి కుటుంబములయొద్ద మిగిలిన లేఖలను, జ్ఞాపకములను సేకరించుట పరిశోధకులు తీర్పవలసిన ఋణము.